నూట పదిహేడో కుండీ

ఆ రోజుకు తూకం అక్క వేసుకున్న ప్రణాళికలో మూడే మూడు పనులున్నాయి. ఎనిమిదింటికి గ్రీన్‌హౌస్‌లోని రెండు వందల నలభై మొక్కలను కోయడం మొదలుపెట్టాలి. పన్నెండింటికి వాటిని కాగితపు సంచులలో కట్టి ఓవెన్‌లోకి చేర్చాలి. సాయంత్రం అయిదులోగా గడువు పొడిగింపు దరఖాస్తు మీద డీన్ గారి సంతకం తీసుకోవాలి. మొదటి రెండింటి కోసం ఆమె ఆరేళ్ళుగా సిద్ధపడింది. మూడోది అయిదు నిమిషాల పని గనుక దానిని చివర పెట్టుకుంది.

తూకం అక్క అన్నది ఆమెకు ప్రయోగశాల పెట్టిన పేరు. ఎండిన ఆకును మిల్లీగ్రాములో పదోవంతు దాకా తూచి, వచ్చిన అంకె నచ్చినా నచ్చకపోయినా ఉన్నదున్నట్టు రాసే మనిషి కావడం వల్ల ఆ పేరు వచ్చింది. అందులో కొంత గౌరవమూ, కొంత విసుగూ కలిసి ఉన్నాయి.

"ఇవాళేనా కోతలు?" అని ఉదయం కాఫీ గ్లాసు అందిస్తూ అత్తగారు అడిగారు.

"అవునత్తయ్యా. మొత్తం కోసేస్తాం."

"ఆరేళ్ళు పెంచావు. పోనీ ఒక పూట కూరకైనా పనికొస్తుందా అంటే అదీ లేదు."

"కూరకి కాదత్తయ్యా, థీసిస్‌కి."

"అదేనమ్మా నేననేది. రెండూ ఉడకట్లేదు."

భర్త చెప్పుల కోసం వెతుక్కుంటూ, "ఆ సంతకం సంగతి మర్చిపోకు. అయిదు దాటితే ఏమవుతుందన్నావ్?" అన్నాడు.

"రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళూ నీళ్ళపాలు."

"మరి అదేదో పొద్దున్నే తెచ్చేసుకోవచ్చుగా?"

"డీన్ గారు పన్నెండు రోజుల తర్వాత ఇవాళే వస్తున్నారు. ఆయన గదికి రంగులేశారు. మూడు దాటితే గానీ కూర్చోరట."

అత్తగారు ఖాళీ గ్లాసు అందుకుంటూ, "రంగులు ఆరాలి, గడ్డి ఆరాలి. మీ చదువంతా ఆరబెట్టడంలోనే ఉందే!" అన్నారు.

ఆ ప్రయోగశాల మొక్కల పరిణామాన్ని పరిశోధిస్తుంది. వాళ్ళు పెంచే మొక్కకు నోరు తిరగని శాస్త్రీయ నామం ఒకటి ఉన్నది గాని, కాలిబాటల అంచున, మెట్ల పగుళ్ళలో, ఎవరూ పిలవకపోయినా మొలిచేది కాబట్టి అందరూ దానిని బాటమొక్క అనేవారు. నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకునే ఆకులు తప్ప దానికి మరే అందమూ లేదు. తరతరాలుగా జనం కాళ్ళ కింద నలిగిన బాటమొక్కల సంతానం, ఎవరూ తొక్కని చోట పెరిగిన వాటి సంతానం కంటే పొట్టిగా పెరగడం నేర్చుకున్నదా అన్నది తూకం అక్క ఆరేళ్ళ ప్రశ్న. ఏ కుండీలో ఏ సంతానం ఉన్నదో కొలిచేవారికి తెలియకూడదు. తెలిస్తే చేయి తెలియకుండానే ఒక పక్షానికి మొగ్గుతుంది. అందుచేత కుండీలన్నీ ఒకే నల్లరంగువి, ఒకే కొలతవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నంబరు చీటీ మాత్రమే ఉంటుంది. "మొక్క మొహం చూడకండి. నంబరు చూడండి," అని ప్రొఫెసరు మేడమ్ చేరినవారందరికీ మొదటి రోజే చెప్పేది. ఆ మాటను అందరూ అక్షరాలా పాటించడమే జరిగినదంతటికీ మూలం.

కోత సాఫీగా సాగింది. తూకం అక్క మట్టి మట్టానికి కత్తెరతో కోయడం, రెండు నెలల క్రితం చేరిన కొత్తమ్మాయి నంబరు చదివి సంచి మీద రాయడం, ఒక లయలో పడింది. పన్నెండుకు పది నిమిషాలుండగా చివరి సంచి ఓవెన్‌లోకి వెళ్ళింది. డెబ్భై డిగ్రీలకు మీట తిప్పి, తలుపు వేసి, తూకం అక్క ఆరేళ్ళలో మొదటిసారి ఒక పని అనుకున్న సమయానికి ముందే ముగించానని గడియారం వంక చూసుకుంది.

అప్పుడు ప్రయోగశాల సహాయకుడు బాబాయి లోపలికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉన్న ఆయనను విద్యార్థులందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన చేతిలో తళతళలాడే నీలిరంగు పింగాణీ కుండీ ఉంది.

"అమ్మాయ్, డీన్ గారి మొక్క ఎక్కడ పెట్టావ్?"

"ఏ మొక్క?"

"అదే, ఆయన కిటికీలో ఉంటుందే. రంగుల వాసన పడదని అటెండరు తెచ్చి నాకు అప్పగించాడు. మట్టి కూడా మార్చమన్నాడు. ఈ కుండీకి గార పట్టి ఉంటే నానబెట్టి, మొక్కని మన నల్లకుండీలోకి మార్చి, మూడో బల్ల చివర పెట్టా. మర్నాడే పన్ను పీకించుకుని నాలుగు రోజులు మంచమెక్కానా... వచ్చి చూస్తే అక్కడ లేదు. నీడగదిలో సర్ది ఉంటారులే అనుకున్నా."

తూకం అక్క కత్తెరను మెల్లగా బల్ల మీద పెట్టింది. "ఎలా ఉంటుంది బాబాయ్ ఆ మొక్క?"

"ఎలా ఉంటుందంటే... మన బాటమొక్క లాగే ఉంటుంది."

"లాగే ఉంటుందా? అదేనా?"

"అదే."

"డీన్ గారు బాటమొక్కని కిటికీలో పెట్టి పెంచుతారా?"

"ఆయన లెక్కల మనిషమ్మా. ఆయనకేం తెలుసు? డీన్ అయిన రోజున ఎవరో బహుమతిగా ఇచ్చారట. తడి దూదితో ఆకులు తుడుస్తారు. రోజూ పొద్దున్నే లెక్కపెడతారు. ముద్దుపేరు కూడా ఉంది. పాపాయి."

కొత్తమ్మాయి ముఖంలో రంగు మారడం తూకం అక్క అప్పుడు గమనించింది.

"అక్కా," అంది ఆ పిల్ల, "పోయిన సోమవారం కుండీల చోట్లు మారుస్తుంటే మూడో బల్ల మీద చీటీ లేని కుండీ ఒకటి కనబడింది. ఆ పక్కనే కుండీ లేని చీటీ ఒకటి ఉంది."

"అయితే?"

"చీటీ కుండీకి తగిలించేశాను."

"ఎన్నో నంబరు?"

"నూట పదిహేడు."

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, నూట పదిహేడు వేరు కుళ్ళి చచ్చిపోతే నేనే పారేశానమ్మా! చీటీ దాచి నీకు చెబుదామనుకుని అక్కడ పెట్టా. ఈలోగా పన్ను..."

మూడు చిన్న కారణాలు, ఒక్కొక్కటి విడిగా చూస్తే నిర్దోషమైనవి, ఒకే బల్ల చివర కలుసుకున్నాయి. కుండీకి గార పట్టకపోతే మొక్క నల్లకుండీలోకి మారేది కాదు. ఆ వారమే ఒక మొక్క చావకపోతే చీటీ మిగిలేది కాదు. బాబాయి పన్ను మరొక వారం ఓపిక పట్టి ఉంటే ఆయన నోరు తెరిచి చెప్పి ఉండేవాడు. తూకం అక్క తన కొలతల పుస్తకం తెరిచింది. ముందురోజు తారీఖున, నూట పదిహేడు ఎదుట, ఆమె చేతిరాతలోనే ఉంది: ఆకులు పదకొండు, పొడవైన ఆకు పద్నాలుగు పాయింట్ రెండు సెంటీమీటర్లు, బాగా కోలుకుంది.

ముగ్గురూ ఓవెన్ తలుపు తెరిచి సంచి బయటికి తీశారు. డీన్ గారి పాపాయి అప్పటికే తడిగుడ్డలా వాలిపోయి ఉంది.

"మూడింటికి ఆయన వస్తారు. వచ్చీ రాగానే అడిగేది దీన్నే," అన్నాడు బాబాయి. "పోయినేడు సున్నం వేసేవాడు దీని మీద ఒక చుక్క పడేశాడని వారం రోజులు ఏ ఫైలూ కదల్లేదు. నీ కాగితం కూడా ఇవాళే కదూ?"

"ఇవాళే," అంది తూకం అక్క.

"ఇందులో కంగారెందుకక్కా?" అంది కొత్తమ్మాయి. "అదీ బాటమొక్కే కదా. మన దగ్గర ఇంకా రెండు వందల..." అని ఆగిపోయింది. వాళ్ళ దగ్గర ఉన్నవన్నీ ఓవెన్‌లో ఉన్నాయి.

తూకం అక్క మేడమ్‌కు ఫోన్ చేసింది. మేడమ్ వేరే విశ్వవిద్యాలయంలో ఏదో కమిటీలో కూర్చుని ఉంది. విషయమంతా విని, కోప్పడకుండా, క్షణం ఆలోచించి, దానిని ప్రయోగ పద్ధతికి సంబంధించిన సమస్యగా స్వీకరించింది.

"కోసే ముందు కొలతలున్నాయా?"

"ఉన్నాయి మేడమ్. నిన్నటివే."

"అయితే ఇబ్బంది ఏముంది? ఆకుల సంఖ్య సరిగ్గా కలవాలి. పొడవులో అయిదు శాతం తేడా ఒప్పుకోవచ్చు. అలాంటిది బయట వెతికి తెచ్చుకోండి."

"మేడమ్, బయట లేవు కదా."

బయట లేకపోవడానికి కారణం మేడమే. ప్రాంగణంలోని బాటమొక్కల పుప్పొడి గ్రీన్‌హౌస్ కిటికీలలోంచి వచ్చి ప్రయోగాన్ని పాడుచేస్తున్నదని, వాటిని సమూలంగా తొలగించాలని, నెల క్రితం ఆమె తోటల విభాగానికి ఘాటైన ఉత్తరం రాసింది. పది ఉత్తరాలకు ఒకదానికైనా జవాబివ్వని ఆ విభాగం, ఎందుచేతనో ఈ ఒక్క దానిని మనసుకు పట్టించుకుని వాటినన్నింటినీ పీకించేసింది.

"వెతకండి. ఏ నిర్మూలనా నూటికి నూరు పాళ్ళు జరగదు. దాని మీద నా వ్యాసమే ఒకటుంది," అని మేడమ్ ఫోన్ పెట్టేసింది.

ఆ విధంగా, ఆరేళ్ళపాటు చెప్పులకింద పడినా చూడని మొక్క కోసం తూకం అక్క, కొత్తమ్మాయి చెరొక స్కేలు పట్టుకుని ప్రాంగణమంతా నేల చూపులతో నడిచారు. గ్రంథాలయం మెట్ల పగుళ్ళు తుడిచిన అద్దంలా ఉన్నాయి. సైకిళ్ళ షెడ్డు వెనుక ఒకటి కనబడింది గాని, ఆరే ఆకులు. మురుగుకాలువ గట్టున మరొకటి తొమ్మిది ఆకులతో ఉన్నది, అందులో సగం ఏ నత్తో తిని వదిలింది. ఇద్దరు పరిశోధకురాళ్ళు గోడ వారన మోకాళ్ళ మీద పాకుతూ స్కేళ్ళతో నేలను కొలుస్తున్నారన్న వార్త వాళ్ళకంటే వేగంగా నడిచి, రెండున్నరకల్లా తోటల పర్యవేక్షకుడిని చేరింది. ఉత్తరం రాసింది వాళ్ళ మేడమే గనుక, మిగిలిన మొక్కలను లెక్కవేసి తన మీద రెండో ఫిర్యాదు రాయబోతున్నారని ఆయన తేల్చుకున్నాడు. తేల్చుకుని, పారతో బయలుదేరాడు.

మూడుంబావుకు, క్యాంటీన్ వెనుక కారుతున్న కుళాయి కింద, తూకం అక్కకు అది కనబడింది. గుండ్రంగా, పచ్చగా, ఎవరో పెంచినట్టు ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. పదకొండు. పొడవైన ఆకు పద్నాలుగు పాయింట్ ఒకటి.

"అక్కా, పీకేద్దామా?"

"పీకితే వేళ్ళు తెగుతాయి. పరుగెత్తి తాపీ పట్రా."

కొత్తమ్మాయి పరుగెత్తింది. ఆ నాలుగు నిమిషాలలో మరొకరెవరైనా ఆ మొక్కకు కాపలా కూర్చునేవారు. తూకం అక్క ఆరేళ్ళ అలవాటు చొప్పున పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, పుస్తకం తెరిచి తేదీ, సమయం, స్థలం, నేల తేమ, ఆకుల సంఖ్య రాయసాగింది. నాలుగో ఆకు వెడల్పు చూసుకుందామని తల ఎత్తేసరికి మొక్క పర్యవేక్షకుడి చేతిలో ఉంది.

"చూశారా మేడం, ఇది కూడా తీసేశా!" అన్నాడాయన, వేళ్ళతో సహా పైకెత్తి. "ఇప్పుడు రాసుకోండి, క్యాంటీన్ వెనక సున్నా అని."

"అయ్యో! అది ఇటివ్వండి!"

"ఎందుకూ?"

"నాక్కావాలి. ప్లీజ్."

ఆయన దానిని వెనక్కి దాచుకున్నాడు. "కావాలా? సాక్ష్యం కోసమా? మీ మేడం గారి బల్ల మీద పెట్టి, చూడండి వీళ్ళ పనితనం అనడానికా? ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. ఇవ్వను."

"ఫిర్యాదు కాదు బాబూ! ఒట్టు. ఈ మొక్కంటే నాకు... చాలా ఇష్టం."

"పోయిన నెల సమూలంగా తొలగించమన్నది మీరే. ఇవాళ ఇష్టమంటున్నదీ మీరే."

దీనికి శాస్త్రబద్ధమైన సమాధానం ఉన్నది గాని, చెప్పడానికి అరగంట పడుతుంది. మూడున్నర అయింది. తూకం అక్క చేయి చాచింది, ఆయన వెనక్కి లాగాడు, ఆ పెనుగులాటలో ఒక ఆకు ఆమె వేళ్ళలోకి వచ్చింది. ఇద్దరూ దాని వంక చూశారు.

"ఒక కాగితం రాసివ్వండి," అన్నాడాయన, కొంచెం మెత్తబడి. "ఈ ప్రాంగణంలో బాటమొక్క అనేది ఒక్కటి కూడా లేదని. సంతకం పెట్టండి. అప్పుడిస్తా."

చూడని దానిని చూశానని గాని, చూసిన దానిని చూడలేదని గాని తన జీవితంలో ఏనాడూ రాయని తూకం అక్క, ఎడమచేత్తో బాటమొక్కను పట్టుకుని, కుడిచేత్తో అది ఎక్కడా లేదని ధ్రువీకరించింది. ఆమె మనస్సాక్షికి దొరికిన ఊరట ఒక్కటే: ఆ కాగితం మీద సంతకం పడే సమయానికి మొక్క నేలలో లేదు, చేతిలో ఉంది.

నీలికుండీలో నాటి, నీళ్ళు చల్లి, అరగంట నీడన పెడితే అది తల ఎత్తింది. ఆకులు పది.

"పదకొండోది జిగురుతో అంటిస్తే?" అంది కొత్తమ్మాయి.

తూకం అక్క ఒక క్షణం, సరిగ్గా ఒక్క క్షణం, ఆ జిగురు సీసా వంక చూసింది. తర్వాత సిగ్గుపడింది.

"వద్దు. ఇవాళ కాకపోతే రేపు దొరికిపోతాం. పదకొండు వచ్చుంటే నోరు మూసుకుని ఊరుకునేదాన్నేమో. పదిని పదకొండు అనడం నా వల్ల కాదు. వెళ్ళి ఉన్నది చెప్పేస్తా."

"సంతకం?"

"పెడితే పెడతారు."

"పెట్టకపోతే?" అన్నాడు బాబాయి.

"మా అత్తగారు సంతోషిస్తారు," అంది తూకం అక్క, కుండీ ఎత్తుకుని.

డీన్ గారి గదిలో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. గోడ గడియారం నాలుగూ నలభై రెండు చూపిస్తోంది. ఆమెను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచారు. అయితే ఆ మర్యాద కుండీకి.

"వచ్చేసిందా మా పాపాయి! రండమ్మా, రండి. కిటికీలో పెట్టండి. కొంచెం ఎడమకి. ఆఁ, అక్కడ."

"సార్, ముందు ఒక మాట చెప్పాలి. ఈ మొక్క..."

"ఒక్క నిమిషం."

ఆయన సొరుగులోంచి లావుపాటి పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని, వంగి లెక్కపెట్టసాగారు. తూకం అక్క కళ్ళు మూసుకుంది. "...తొమ్మిది, పది." మళ్ళీ మొదలుపెట్టారు. "...ఎనిమిది, తొమ్మిది, పది. పదే!"

ఆ గొంతులో కోపం లేదు. ఆమె కళ్ళు తెరిచింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"నేను వెళ్ళేనాటికి పది. తొమ్మిది రోజులకి ఒక ఆకు చొప్పున ఇవాళ్టికి పదకొండు ఉండాలి. అంతే కాదు, ఇటు చూడండి. ఆకులు ఇదివరకు కుడివైపుకి తిరుగుతూ పైకి వచ్చేవి. ఇప్పుడు ఎడమవైపుకి తిరుగుతున్నాయి!"

తూకం అక్క చూసింది. నిజమే. సంఖ్య చూశారు, పొడవు చూశారు, తిరిగే దిక్కు చూడాలన్న ఆలోచన మేడమ్‌తో సహా వృక్షశాస్త్రం చదివిన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. ఒక మొక్క ఆకులు ఏ దిక్కుకు తిరగడం మొదలుపెడితే చచ్చేదాకా ఆ దిక్కుకే తిరుగుతాయి. దిక్కు మారిందంటే అర్థం ఒక్కటే.

"సార్, దిక్కు మారలేదు. ఇది మీ మొక్క కాదు. మీ మొక్కని పొద్దున నేనే కోసేశాను. పొరపాటున మా ప్రయోగంలో కలిసిపోయింది. ఓవెన్‌లో వాడిపోయింది. ఇది క్యాంటీన్ వెనక కుళాయి దగ్గర దొరికింది."

చెప్పేసింది. ఆరేళ్ళ చదువు ఆ మాటలతో పాటు నోట్లోంచి బయటికి వెళ్ళిపోయినట్టనిపించింది.

డీన్ గారు ఆమెను, లెక్క తప్పు చేసినా ధైర్యంగా చేసిన విద్యార్థిని చూసినట్టు, వాత్సల్యంతో చూశారు. "మీ పరికల్పన బాగుంది. కానీ ఒక్క సంఘటనకే సరిపోతుంది. ఇది ఐదోది."

"ఐదోదా?"

ఆయన పేజీలు తిప్పారు. రోజుకొక అంకె చొప్పున అయిదేళ్ళ లెక్క. వరుసగా ఎక్కుతూ వచ్చిన గీతలో నాలుగుచోట్ల, ఎర్రసిరాతో గుర్తుపెట్టిన విరుపులు ఉన్నాయి. "ఏటా వేసవి సెలవుల్లో నేను పన్నెండు రోజులు ఊళ్ళో ఉండను. తిరిగొచ్చి చూస్తే సంఖ్య మారుతుంది, పొడవు మారుతుంది. రెండుసార్లు దిక్కు కూడా మారింది. ఆ నాలుగుసార్లూ మీరే కోశారా?"

"లేదు సార్."

"మరి ఎవరు మార్చారు?"

అప్పుడు ఆమె చూపు గుమ్మం వైపు తిరిగింది. డీన్ గారి అటెండరు టీ కప్పుల ట్రేతో నిలబడి ఉన్నాడు. ఏడాదిలో పదవీ విరమణ చేయబోయే ఆ పెద్దమనిషి, కళ్ళనిండా ప్రార్థనతో, తలను నెమ్మదిగా కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఊపుతున్నాడు. అయిదేళ్ళ లెక్క ఆ తల ఊపులో తూకం అక్కకు అర్థమైపోయింది.

"చెప్పండమ్మా. ఎవరు?"

ఆమె మాటలను జాగ్రత్తగా తూచింది. "నా దగ్గర ఆధారం లేదు సార్."

"అదీ సంగతి!" డీన్ గారు బల్ల మీద చరిచారు. "నా నమ్మకం ఎంత గట్టిదో చూద్దామని మీరు ఎదురు వాదన పెట్టారు. సైంటిస్టు అంటే అలా ఉండాలి. వినండి. గమనించే మనిషి లేకపోతే ఈ మొక్క తనను తాను మార్చుకుంటోంది. నేను గైర్హాజరైతేనే మారుతోంది. ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా తొమ్మిది రోజులకొక ఆకు. దీనికి సమీకరణం కూడా రాశాను. ఈసారి లేను కాబట్టి మారాలని ముందే రాసిపెట్టుకున్నా. మారింది!"

"సార్, నిజంగానే కత్తెరతో..."

"చాలమ్మా, పరీక్ష అయిపోయింది. నెగ్గాను. అదేమిటి చేతిలో, ఏదైనా కాగితమా?"

నాలుగూ యాభై మూడు. తూకం అక్క దరఖాస్తును బల్ల మీద పెట్టింది. ఆయన చదవకుండానే సంతకం చేసి, తిరిగి ఇవ్వబోతూ ఆగారు.

"మీరూ ఒకటి పెట్టాలి. ఈ పుస్తకంలో, ఇవాళ్టి తేదీ దగ్గర. సాక్షిగా."

ఆమె కలం అందుకుంది. ఏం రాయాలో ఆలోచించింది. "పది ఆకులు. నేనే లెక్కపెట్టాను," అని రాసి సంతకం చేసింది. ఆ రోజు ఆమె పెట్టిన రెండు సంతకాలలో ఇది పూర్తిగా నిజమైనది.

వరండాలో అటెండరు ఆమె వెనుకే వచ్చాడు. టీ చల్లారిపోయింది.

"అమ్మా, నా ఉద్యోగం నిలబెట్టారు."

"నాలుగుసార్లా?" అంది తూకం అక్క.

"ఏం చేయనమ్మా? సెలవుల్లో ఆఫీసుకి తాళం వేసేస్తారు. నీళ్ళెవరు పోస్తారు? తలుపు తీసేసరికి ఎండిపోయి ఉండేది. ఆయన మొహం చూడలేక గ్రంథాలయం మెట్ల పక్కనుంచి ఒకటి తవ్వుకొచ్చి పెట్టేవాణ్ణి. ఈసారి అలా కాకూడదని, తెలిసినవాళ్ళ చేతుల్లో పెడదామని, మీ దగ్గరికి తెచ్చాను."

తూకం అక్క దరఖాస్తును మడవకుండా పుస్తకంలో పెట్టుకుంటూ, డీన్ గారి సిద్ధాంతాన్ని మరొకసారి నిష్పక్షపాతంగా పరీక్షించి చూసింది. డీన్ గారు ఊళ్ళో లేకపోతే మొక్క మారుతుంది, ఇది నిజం. ఉంటే మారదు, ఇదీ నిజం. సమీకరణంలో లేనిదల్లా అటెండరు ఒక్కడే.

లోపలి నుంచి డీన్ గారు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడడం వినిపించింది: సిద్ధాంతం రుజువైందని, వచ్చే నెల సదస్సులో చదువుతున్నానని, పది రోజులు ఊళ్ళో ఉండనని. అటెండరు చల్లారిన టీని వరండా గట్టు మీద పెట్టి, లోపలికి వెళ్ళి, వినయంగా తేదీలు అడిగి రాసుకున్నాడు.